మా ఫిన్నాయన

మొన్నామధ్య మా నాన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. "గ్రాండ్‌మాస్టర్ తౌనో గారు స్వర్గస్థులయ్యారు. మహా మేధావి. మన కుటుంబానికి ఆత్మీయుడు. నాకు చిరకాల మిత్రుడు. ఓం శాంతి." కింద వరసగా దండాలు, ఒక దీపం, ఆ పక్కన ఫిన్‌లాండ్ జెండా అనుకుని పెట్టిన ఇంకేదో దేశపు జెండా. ఈ చిరకాల మిత్రుణ్ణి మా ఇంట్లో ఉన్నంతకాలం నాన్న "పనిలేని మనిషి" అని పిలిచేవాడు. చాటుగా కాదు, ఎదురుగానే, నవ్వు ముఖం పెట్టి, తెలుగులో. అవతలాయన కూడా మర్యాదగా తల ఊపేవాడు. పోయినవాళ్ళ మీద మా నాన్నకి ఉన్నంత ప్రేమ బతికున్నవాళ్ళ మీద కూడా ఉండుంటే మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ మాతో మాట్లాడుతూ ఉండేవాళ్ళు. నేను ఇప్పుడు ఉంటున్న ఊరు కమ్మింగ్‌లో, మా వంటింట్లో పప్పు కుక్కర్ ముందు నిలబడి ఆ మెసేజ్ చదివాను. విజిల్స్ ఎన్ని వచ్చాయో లెక్క తప్పి, పప్పు అడుగంటింది.

అప్పట్లో మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, ఇండియన్ గ్రోసరీ కొట్ల వెనక వీధిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న లాస్ కొలీనాస్‌లో ప్రాజెక్ట్ మేనేజర్. మా తమ్ముడు కార్తీక్‌కి తొమ్మిదేళ్ళు, నాకు పదమూడు. మన పిల్లలు స్పెల్లింగ్ పోటీలు పట్టుకుపోయారు, లెక్కలు పట్టుకుపోయారు, ఇక ఖాళీగా మిగిలింది చదరంగం ఒక్కటే అని నాన్న మార్కెట్ పరిశీలించి తేల్చాడు. గుర్రం ఎటు నడుస్తుందో ఆయనకి తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు, అది కింది స్థాయి ఉద్యోగుల పని. మా ఊరి లైబ్రరీలో శనివారాలు పిల్లలకి చెస్ చెప్పే ఒక పొడుగాటి తెల్లాయన నిజంగా గ్రాండ్‌మాస్టరనీ, ఫిన్‌లాండ్ నుంచి ఒక టెక్సస్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని వచ్చాడనీ, ఆ పెళ్ళి చెడిపోయి ఇప్పుడు గది వెతుక్కుంటున్నాడనీ తెలిసిన సాయంత్రమే ఆయన్ని కారెక్కించుకుని తీసుకొచ్చేశాడు. మేడ మీద గది ఆయనది, దానికి బదులు కార్తీక్ గ్రాండ్‌మాస్టర్ కావాలి. ఒప్పందం అంతే. అమ్మతో ముందు మాటవరసకైనా అనలేదు. ఆమె చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి, సూట్‌కేస్‌నీ, మనిషినీ, నాన్ననీ వరసగా చూసి, "మన తిండి తింటాడా?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్నలో ఎంత కోపం ఉందో అర్థం కావడానికి నాన్నకి వారం పట్టింది.

తిన్నాడు. అమ్మ చేసిన ఉప్మా కూడా తిన్నాడు, మేమెవరం దాన్ని అంత శ్రద్ధగా తినేవాళ్ళం కాదు. తాలింపు పెట్టే ముందు మా ఇంట్లో ఒక తంతు ఉండేది. పడకగదుల తలుపులు మూసి, వాసన పట్టకుండా కోట్లన్నీ అల్మారాలో దాచి, స్మోక్ అలారం కింద నేను టవల్ ఊపుతూ నిలబడాలి. ఆయన వచ్చాక ఆ టవల్ ఉద్యోగం ఆయనకి వెళ్ళింది. ఆరడుగుల పైన మనిషి, చెయ్యి ఎత్తితే చాలు. అప్పుడు మాతో మా అవ్వ కూడా ఉండేది, నాన్న వాళ్ళమ్మ, చిత్తూరు వైపు మనిషి. ఆరు నెలలకని వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చేది. మొదట్రోజు అన్నంలో మజ్జిగ పోసుకుంటూ ఎదురుగా కూర్చున్నాయన అదే చెంబు వైపు చూడటం గమనించి, ఒక గ్లాసు నింపి జరిపింది. ఆయన గుక్క తిప్పుకోకుండా తాగి, వాళ్ళ ఊళ్ళో కూడా భోజనంలో ఇదే తాగుతారని చెప్పాడు. అవ్వ నా చేత ఆ మాట రెండుసార్లు అనువాదం చేయించుకుని, "చూస్తివా, మనోడే ఆయప్ప" అంది. మా వైపు నాన్న తమ్ముణ్ణి చిన్నాయన అంటారు. ఫిన్‌లాండ్ నుంచి వచ్చాడు కాబట్టి మాకు ఫిన్నాయన అయ్యాడు. ఆ పేరు పెట్టింది అవ్వే. తనేదో పెద్ద చమత్కారం చేశానని ఆమెకి చాలా రోజులు తెలీదు, నిజంగానే ఆయన దేశం పేరు ఆయన పేరనుకుంది.

పొద్దున్నే అందరికంటే ముందు లేచేది వాళ్ళిద్దరే. అవ్వ ఫిల్టర్‌లో డికాక్షన్ దిగడానికి పెట్టేది. ఆయన పక్కనే నిలబడి అది చుక్క చుక్కగా పడటాన్ని చదరంగంలో ఆఖరి ఎత్తులు చూసినట్టు చూసేవాడు. స్కూల్ బస్ వచ్చేదాకా నేను దుబాసీని. ఆయన జీవితచరిత్ర నేను విన్నది ఆ బల్ల దగ్గరే, అవ్వ అడిగిన ప్రశ్నలకి జవాబులుగా. పేపర్ మిల్లు ఉన్న ఊళ్ళో పుట్టాడు. మిల్లు కార్మికుల క్లబ్బులో ఆట నేర్చుకున్నాడు. వాళ్ళ దేశానికి చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత యూరప్ అంతా రైళ్ళలో తిరుగుతూ, పేరు కూడా పలకలేని ఊళ్ళలో ఆడుతూ, గెలిచిన చోట హోటల్లో, ఓడిన చోట స్టేషన్లో పడుకుంటూ, చివరికి గ్రాండ్‌మాస్టర్ అనిపించుకున్నాడు. "అంటే ఏమొస్తుంది?" అని అవ్వ. ఆయన కాఫీ కలుపుకుంటూ, "పేరు ముందు రెండు అక్షరాలు," అన్నాడు. "పెండ్లాంతో ఏమన్నా కొట్లాటనా?" అని అవ్వ ఇంకో రోజు. ఈ ప్రశ్న అనువదించడానికి నాకు సిగ్గేసింది, కానీ అవ్వ వదల్లేదు. ఆయన కప్పు కింద పెట్టి, "లేదు. డ్రా," అన్నాడు.

ఆదివారాలు మా ఇంటికొచ్చే అంకుల్స్‌కి ఇంత తక్కువ మాటల మనిషి ఎప్పుడూ తగల్లేదు. నాన్న ఆయన్ని సోఫాలో మధ్యన కూర్చోబెట్టి, "చెస్‌లో పీహెచ్‌డీ అన్నమాట," అని పరిచయం చేసేవాడు. అందులో ప్రసాద్ అంకుల్ ముఖ్యుడు. ప్లేనోలో పెద్ద ఇల్లు, పెద్ద ఉద్యోగం, అనూష అని ఒక కూతురు, ఆ కూతురికి ఇద్దరు చెస్ కోచ్‌లు. "ఎప్పుడైనా వరల్డ్ చాంపియన్‌తో ఆడారా?" అని ప్రసాద్ అంకుల్ ఇంగ్లీషులో అడిగాడు. ఆడానన్నాడు. అంకుల్స్ అంతా ముందుకి జరిగారు. "ఏమైంది?" "ఆయన గెలిచాడు." "ఒక్కసారేనా ఆడింది?" "కాదు. ఆడినప్పుడల్లా ఆయనే గెలిచాడు." నాన్న ముఖం చూడాలి. కొన్న కారు షోరూమ్ గేటు దగ్గరే ఆగిపోయినవాడి ముఖం అది. వాళ్ళు వెళ్ళాక, "కాస్త మార్కెటింగ్ తెలీదయ్యా నీకు, పనిలేని మనిషీ," అని విసుక్కున్నాడు. ఫిన్నాయన తల ఊపి గ్లాసులు తీశాడు.

ఆ ఆగస్టులో జరిగిన గరాజ్ సంగతి మా అమ్మ ముందు ఇప్పటికీ ఎత్తకూడదు. వాళ్ళ దేశంలో శనివారం అయితే ఆవిరి గదిలో కూర్చుని చెమట పట్టించుకోవాలట, అది లేక ప్రాణం కొట్టుకుంటోందని పాపం ఎవరికీ చెప్పలేదు. టెక్సస్ ఎండలో తలుపు మూసిన మా గరాజ్ అందుకు చక్కగా సరిపోతుందని తనే కనిపెట్టుకున్నాడు. ఒక రోజు అమ్మ లలితా సహస్రనామ పారాయణానికని ఆంటీలని కార్లో ఎక్కించుకొచ్చి, వీధిలోంచే రిమోట్ నొక్కింది. మా గరాజ్ తలుపు పాతది, మెల్లిగా లేచేది. ముందు పాదాలు కనపడ్డాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత, దేవుడి దయవల్ల, ఒక తువ్వాలు. తలుపు పూర్తిగా లేచేసరికి ఫిన్నాయన పెయింట్ డబ్బా మీద కూర్చుని, ఎర్రగా ఉడికిపోయి, పక్కన బక్కెట్టుతో ప్రశాంతంగా ఉన్నాడు. ఆంటీలకి లేచి నమస్కారం పెట్టాడు. ఆ రోజు పారాయణం చాలా వేగంగా జరిగిందని అవ్వ చెప్పింది. సాయంత్రం అమ్మ నాన్నతో, "వీడికి గ్రాండ్‌మాస్టర్ పట్టా వచ్చేలోపు మనకి ఊళ్ళో మర్యాద మిగలదు," అంది. వీడంటే కార్తీక్.

కార్తీక్ సంగతి అప్పటికే అందరికీ తెలుసు, నాన్నకి తప్ప. నాన్న వాడి కోసం ఎక్సెల్ షీట్ తయారుచేశాడు. పొద్దున నానబెట్టిన బాదంపప్పు, సాయంత్రం సరస్వతి ఆకు పొడి, ఆదివారం స్టేటస్ మీటింగ్. వాడు పాఠం మధ్యలో బంట్లని సైనికుల్లా నిలబెట్టి రబ్బర్ బ్యాండ్‌తో కొట్టేవాడు. ఫిన్నాయన ఎప్పుడూ కసరలేదు, పడిపోయిన బంట్లని ఏరి మళ్ళీ నిలబెట్టేవాడు. స్కూళ్ళ పోటీలో కార్తీక్ ముందరి పళ్ళు ఊడిన ఒక చిన్న పిల్లాడి చేతిలో ఓడిపోయి, ఓడినందుకు ఏమాత్రం బాధ లేకుండా ఆ పిల్లాడితో కలిసి వెండింగ్ మెషీన్ దగ్గర చిప్స్ తింటూ దొరికాడు. ఇంటికొచ్చే దారిలో నాన్న రేడియో కూడా పెట్టలేదు. "మీరు నిజం చెప్పండి, వీడికి వస్తుందా?" అని అడిగాడు చివరికి. "రాదు," అన్నాడు ఫిన్నాయన. "కానీ మంచి పిల్లాడు." ఈ రెండో ముక్క నాన్న చెవికి చేరలేదు.

ఆయన్ని గది ఖాళీ చెయ్యమనడానికి నాన్న ధైర్యం కూడగట్టుకుంటున్న రోజుల్లోనే వంటింటి ఫోన్‌కి హెల్సింకీ నుంచి కాల్ వచ్చింది. ఫిన్నాయన వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే మేమంతా చేస్తున్న పనులు ఆపి చూశాం. ఆయన దగ్గర అన్ని మాటలున్నాయని ఎవరం అనుకోలేదు. పెట్టేశాక అవ్వనే చూసి చెప్పాడు, నేను అనువదించాను. దేశాల మధ్య జరిగే టీమ్ పోటీకి వాళ్ళ జట్టులో ఒకాయన జబ్బుపడ్డాడు. రిజర్వ్‌గా ఈయన్ని తీసుకోవచ్చేమో అనుకుంటున్నారు. కానీ ఏళ్ళ తరబడి ఎక్కడా ఆడలేదు కాబట్టి, ముందు ఏదైనా టోర్నమెంట్ ఆడి చూపించమన్నారు. "నువ్వు పోవాలని ఉందా?" అంది అవ్వ. ఆయన ఫోన్ తీగ చిక్కులు విప్పాడు. "నాకు యాభై ఎనిమిది. ఇక మళ్ళీ ఎవరూ అడగరు," అన్నాడు. ఆ మాట అవ్వ అడక్కుండానే నేను రెండుసార్లు అనువదించాను. నాన్న మాత్రం అప్పటికే లేచి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేశాడు. ఎక్సెల్ షీట్‌లో కార్తీక్ పేరు తీసేసి తౌనో అని టైప్ చేశాడు.

ఆ తర్వాత నెలన్నర, గుర్రం నడక తెలీని మా నాన్న ఒక గ్రాండ్‌మాస్టర్‌కి శిక్షణ ఇచ్చాడు. బాదంపప్పు, సరస్వతి ఆకు, ప్రాణాయామం. "కిల్లర్ ఇన్‌స్టింక్ట్ లేదు మీకు. అవతలివాడి మీద జాలి పడకూడదు," అని ఉపన్యాసాలు. ఆయన అన్నీ విన్నాడు, బాదంపప్పు నమిలాడు, పైకెళ్ళి తలుపు వేసుకుని తన పని తను చేసుకున్నాడు. నాన్నకి అప్పుడే కాంట్రాక్ట్ అయిపోవస్తోంది. వీసా ఉండాలంటే ఇంకో కంపెనీ చూసుకోవాలి. ప్రసాద్ అంకుల్ తన కంపెనీలో పెట్టిస్తానని మాటిచ్చాడు. అమ్మానాన్నా ఆ విషయం మాట్లాడుకునేటప్పుడు గొంతులు తగ్గించేవాళ్ళు, అందుకే మాకు బాగా వినపడేది.

టోర్నమెంట్ ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో. హాల్లో చెస్, కారిడార్లో పులిహోర. తెలుగు తల్లిదండ్రులంతా కూలర్లూ ఫ్లాస్కులూ పరుచుకుని, పిల్లల కంటే ఎక్కువ ఆయాసపడుతూ కూర్చునేవాళ్ళు. ఫిన్నాయన నెమ్మదిగా, తుప్పు వదిలించుకుంటున్నట్టు ఆడుతూ వచ్చాడు. చివరి రౌండ్‌లో గెలిస్తే హెల్సింకీకి చెప్పుకోదగ్గ ఫలితం. ఆ రౌండ్‌లో ఆయనకి ఎదురుగా వచ్చింది ప్రసాద్ అంకుల్ కూతురు అనూష. పదకొండేళ్ళు, రెండు జడలు, పెద్దవాళ్ళ సెక్షన్లో ఆడించమని వాళ్ళ నాన్నే పట్టుబట్టాడు. ఆ పిల్ల బాగా ఆడింది. మధ్యాహ్నానికి బోర్డు మీద చెరొక ఏనుగు, కాసిని బంట్లు మిగిలాయి. చూసినవాళ్ళంతా డ్రా అన్నారు. ఫిన్నాయన మాత్రం కదల్లేదు. రాజుని అటు జరుపుతాడు, ఇటు జరుపుతాడు, మళ్ళీ అటు. హాలు ఖాళీ అయిపోతోంది, ఈయన ఇంకా కూర్చునే ఉన్నాడు. కాసేపటికి అనూష కళ్ళు తుడుచుకోవడం అద్దం తలుపులోంచి మాకు కనపడింది.

ప్రసాద్ అంకుల్ నాన్న దగ్గరికి వచ్చాడు. "ఏంటండీ ఇది? పసిపిల్లని కూర్చోబెట్టి చంపుతున్నాడు. డ్రా ఇచ్చెయ్యమని చెప్పండి."

"ఆట మధ్యలో నేనెట్లా చెప్తాను ప్రసాద్ గారూ?"

"మీ ఇంట్లో తిని మీ ఇంట్లో పడుకునే మనిషి. మీరు చెప్తే వినడా?" అని నాన్న భుజం మీద చెయ్యి వేసి, "సోమవారం మా డైరెక్టర్‌తో మీ విషయం మాట్లాడదామనుకున్నాను," అన్నాడు.

నాన్న లేచాడు. అమ్మ తల వంచుకుంది. నాన్న తలుపు తోసుకుని లోపలికెళ్ళి, ఆ బల్లకి ఇవతల కట్టిన తాడు దాకా నడిచాడు. ఫిన్నాయన తల ఎత్తి చూశాడు. నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాసేపు బోర్డు వైపు చూసి, ఏమీ అనకుండా బయటికొచ్చాడు. "ఆడుతున్నారు. మాట్లాడకూడదు," అన్నాడు ప్రసాద్ అంకుల్‌తో. అది ధైర్యమో, పక్కన నిలబడ్డ భారీ అంపైర్‌ని చూసి భయమో నేను ఈనాటికీ తేల్చుకోలేదు. అడిగితే ధైర్యమనే చెప్తాడు కాబట్టి అడగలేదు.

అనూష ఓడిపోయింది. కిల్లర్ ఇన్‌స్టింక్ట్ గురించి ఏళ్ళ తరబడి మాట్లాడిన అంకుల్స్ అందరూ ఆ సాయంత్రం కారిడార్లో ఒక్కసారిగా కరుణామూర్తులైపోయారు. "చిన్నపిల్లతో అట్లాగేనా ఆడేది? మనిషన్నాక జాలుండద్దా?" ప్రసాద్ అంకుల్ గొంతు హోటల్ రిసెప్షన్ దాకా వినపడింది. నేను మంచినీళ్ళ వంకతో హాల్లోకి వెళ్ళాను. లోపల అనూష జడతో ముక్కు తుడుచుకుంటూ, ఏనుగుని ఒక గడిలో పెట్టి, "ఇక్కడ పెట్టుంటే?" అంటోంది. ఫిన్నాయన ఇంకో ఎత్తు వేసి చూపించాడు. "అయితే ఇక్కడ?" అంది. ఆయన ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించి, "అప్పుడు నేను గెలవను," అన్నాడు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "నేను ఏడుస్తుంటే డ్రా ఎందుకు ఇవ్వలేదు?" అని అడిగింది. "నువ్వు బాగా ఆడుతున్నావు. డ్రా ఇస్తే నీకు అవమానం," అన్నాడు. ఇద్దరూ మళ్ళీ బంట్లు సర్దారు. నాకు ఆ పిల్ల మీద వచ్చినంత అసూయ జీవితంలో మళ్ళీ ఎవరి మీదా రాలేదు.

సోమవారం డైరెక్టర్‌తో మాటలు జరగలేదని వేరే చెప్పక్కర్లేదు. ఆదివారాలు ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. అమ్మ చేసిన గారెలు మేమే తిన్నాం, ఆ లెక్కన మాకు లాభమే. నాన్నకి చివరికి దొరికిన ఉద్యోగం క్యారీలో. స్నేహితులు, స్కూలు, అన్నీ వదిలి నార్త్ కరోలైనా పోవాలి. ఇంత జరిగినా నాన్న ఫిన్నాయనని ఒక్క మాట అనలేదు. పనిలేని మనిషి అనడం కూడా మానేశాడు. జట్టులోకి రమ్మని హెల్సింకీ నుంచి కబురొచ్చాక, ఎయిర్‌పోర్ట్‌లో దింపేటప్పుడు తన మంచి కోటు ఇచ్చేశాడు, పొట్టిగా ఉన్నా ఆయన వేసుకున్నాడు. అవ్వ ఫిల్టర్ ఇచ్చింది. కార్తీక్ ఏడ్చాడు, వాడొక్కడే సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆ పోటీని మేము సగం సర్దిన పెట్టెల మధ్య, ఆగి ఆగి వచ్చే ఇంటర్నెట్‌లో చూశాం. ఎత్తులు మెల్లిగా వచ్చేవి. అవ్వ కుర్చీ వేసుకుని, ఏమీ అర్థం కాకుండా, "మనోడు కదిలినాడా?" అని అడుగుతూ ఉండేది. మనోడు మొదటి ఆట ఓడిపోయాడు. తర్వాతది డ్రా. తర్వాతది మళ్ళీ ఓటమి. చివరి రౌండ్‌లో ఏమీ లేని చోట కూర్చుని, కూర్చుని, గెలిచాడు. వాళ్ళ జట్టు పట్టికలో ఎవరూ గుర్తుపెట్టుకోని చోట నిలిచింది. ఆయన తిరిగి రాలేదు, వాళ్ళ ఊళ్ళోనే మిల్లు క్లబ్బులో పిల్లలకి చెప్పుకుంటూ ఉండిపోయాడు. ప్రతి జనవరిలో క్యారీకి ఫోన్ చేసేవాడు. అవ్వ ఉంటే మాకు ఫోన్ దక్కేది కాదు. "కాఫీ?" అనేది అవ్వ. ఆయన ఏదో అనేవాడు. "మజ్జిగ?" ఇంకేదో అనేవాడు. నవ్వుకునేవాళ్ళు. అవ్వ పోయిన ఏడాది ఫోన్ నేను తీశాను. చెప్పగానే ఆయన అవ్వ మాటలే, "కాఫీ, మజ్జిగ," అని ఫోన్ పెట్టేశాడు.

ఇప్పుడు మా కమ్మింగ్‌లో ప్రతి స్ట్రిప్ మాల్‌లోనూ ఒక చెస్ అకాడమీ ఉంది, పక్కనే బిర్యానీ సెంటర్. నా కూతురు మేధకి కోచ్ జూమ్‌లో వస్తాడు, ఆయన ఏ దేశంలో ఉంటాడో మాకు తెలీదు, మజ్జిగ తాగుతాడో లేదో అంతకన్నా తెలీదు. ఎవరినీ ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు, ఎవరి కోసమూ ఉద్యోగం పోగొట్టుకోనక్కర్లేదు. అంతా ఎంతో శుభ్రంగా ఉంది. ఇంటి నిండా ఎయిర్ ఫ్రెషనర్ వాసన.

నాన్న మెసేజ్ వచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక మేధ ల్యాప్‌టాప్‌లో ఫిన్నాయన పేరు వెతికించాను. ఆయన ఆడిన ఆటలన్నీ ఉన్నాయి, పేపర్ మిల్లు రోజుల నుంచీ. ఆ టీమ్ పోటీలోని చివరి గెలుపు తెరిచాం. పక్కన కంప్యూటర్ ప్రతి ఎత్తుకీ మార్కులు వేస్తోంది, ఎర్ర గుర్తులే ఎక్కువ. "మమ్మీ, వీళ్ళిద్దరూ సో బ్యాడ్‌గా ఆడారు," అంది పన్నెండేళ్ళ మా మేధావి. "ఈ అంకుల్ నీకు తెలుసా?" తెలుసన్నాను. "ఆన్‌లైన్‌లో ఉంటాడా? నేను ఆడొచ్చా?" పోయాడని చెప్పాను. "ఓ," అంది. కంప్యూటర్ మార్కుల పెట్టె మూసేసింది. బోర్డు మీద చెరొక ఏనుగు, కాసిని బంట్లు. తెల్లవి ఫిన్నాయనవి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్కో ఎత్తూ ముందుకీ వెనక్కీ జరుపుతూ చూసింది. నేను గిన్నెలు కడగడం అయిపోయింది, గట్టు తుడవడం అయిపోయింది, అది ఇంకా అక్కడే ఉంది.

"మమ్మీ, ఇది డ్రా. ఇక్కడ వైట్‌కి ఏమీ లేదు. బ్లాక్ ఎందుకు ఓడిపోవాలి?"

"అవతల కూర్చున్నాయన కూడా," అన్నాను, "సాయంత్రం దాకా అదే అనుకుంటూ కూర్చున్నాడమ్మా."